పొద్దటి కల్లు, 28 కోట్ల ఏళ్ల బొగ్గు

ఫ్రాన్సులోని బర్గండీ సీమలో జివ్రీ నుంచి క్లూనీ దాకా సాగే నడకబాటకు మంచి పేరుంది. ఒకప్పుడు అది రైలు కట్ట. పట్టాలు పీకేశాక 1997లో దాన్ని కాలినడకకూ సైకిళ్లకూ వదిలేశారు. మొత్తం 44 కిలోమీటర్లు. ఉత్తరాన ద్రాక్షతోటల వాలు వెంట మొదలై, దక్షిణాన గ్రోన్ అనే చిన్న ఏటి ఒడ్డు పట్టుకుని పోతుంది. నడిచేవాళ్లు మధ్యమధ్య ఊళ్లలో ఆగుతారు, అక్కడి వైన్ రుచి చూస్తారు, ఏ వాలు మీది ద్రాక్షో కనుక్కుంటారు, మళ్లీ నడుస్తారు. ఆ తోటలకు పడమరగా పాతిక, ముప్పై కిలోమీటర్ల దూరంలో మోంసో-లే-మీన్ అనే ఊరుంది. అక్కడ రెండు శతాబ్దాలకు పైగా బొగ్గు తవ్వారు. ఆ ఊరి వైపు మాత్రం పర్యాటకులు పెద్దగా తిరిగి చూడరు. 18వ శతాబ్దం చివర తవ్విన పెద్ద కాలువ ఒకటి ఆ బొగ్గూరి మీదుగానే వచ్చి, సాంత్నే ద్రాక్షతోటల కింది నుంచి సాగి, సోన్ నదిలో కలుస్తుంది. బొగ్గు పడవలూ వైన్ పీపాలూ ఒకే నీటి మీద పోయేవన్నమాట.

కొత్తగూడెం వాళ్లకు ఇందులో వింతేమీ తోచదు. బొగ్గు, ఏరు, మత్తెక్కించే పానీయం మూడూ ఒకే దారిలో తగలడం ఇక్కడ రోజూ చూసేదే. ద్రాక్ష బదులు తాడు, ఇప్ప. సోన్ బదులు ముర్రేడు, కిన్నెరసాని, గోదావరి. తెలంగాణలో ద్రాక్ష లేదని కాదు. హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహీ తోటలు ఒకప్పుడు కాపుకు పేరు మోసినవే. కానీ అవి తినే ద్రాక్షలు. నేలనూ నీటినీ తాగే రూపంలోకి మార్చే పని ఇక్కడ అనాదిగా చేస్తున్నవి ముఖ్యంగా ఈ రెండు చెట్లు.

బొగ్గూ మద్యమూ పక్కపక్కన ఉండటం కాకతాళీయమేమీ కాదు. బర్గండీ నేల రెండుసార్లు చీలింది. మొదటి చీలిక సుమారు 30 కోట్ల ఏళ్ల నాటిది. అప్పుడు ఏర్పడిన పల్లాల్లో చిత్తడి అడవులు పేరుకుని బొగ్గయ్యాయి. రెండోది 3, 4 కోట్ల ఏళ్ల నాటిది. అప్పుడు సోన్ మైదానం కిందికి దిగబడిపోయి, దాని అంచున సున్నపురాయి గట్టు మిగిలింది. పొద్దున్నే ఎండ తగిలే ఆ తూర్పు వాలు మీదే పేరుమోసిన తోటలున్నాయి. మన దగ్గర ఒకే చీలిక రెండు పనులూ చేసిపెట్టింది. ప్రాణహిత వచ్చి కలిసే కాళేశ్వరం దగ్గర నుంచి పాపికొండల దాకా గోదావరి వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఎలా దిగుతుందో పటంలో చూడండి. రెండు పక్కలా పాత గట్టి రాయి, మధ్యలో కుంగిపోయిన పట్టీ. ఆ పట్టీలో కిలోమీటర్ల మందాన ఇసుకరాయి, షేల్, బొగ్గు పొరలు నిండాయి. గట్టి రాయి కన్నా ఇవి మెత్తన. నీరు మెత్తని దారినే ఎంచుకుంటుంది. రామగుండం, గోదావరిఖని, భూపాలపల్లి, మణుగూరు, ఇల్లందు, కొత్తగూడెం, సత్తుపల్లి అన్నీ ఆ పట్టీలోవే. సింగరేణి పటంలో కనిపించే 350 కిలోమీటర్ల బొగ్గు బెల్టు అదే.

1871లో భారత భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో రిజిస్టరైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది, 1889లో తవ్వకం మొదలైంది. సింగరేణి అన్న పేరు కంపెనీకి 1920లో వచ్చింది. కింగ్ సీమ్ అని కార్మికులు పిలిచే పొర ఆ కింగ్ పేరిటదే. దానికి జోడీగా క్వీన్ సీమ్ కూడా ఉంది. పొరలకు పెళ్లి చేసిన ఘనుడెవరో గానీ, సరదా మనిషే.

కొత్తగూడెం స్టేషన్ బోర్డు మీద ఊరి పేరు ఉండదు, భద్రాచలం రోడ్ అని ఉంటుంది. భద్రాచలం దాకా పట్టాలు లేవు, మిగతా 40 కిలోమీటర్లు మీ తిప్పలు మీరు పడండి అన్నట్టు. బస్సెక్కితే గంట చిల్లర. రహదారి వెంట నడవమని ఎవరికీ చెప్పను. బొగ్గు లారీల దుమ్ము తప్ప చూసేదేమీ ఉండదు. ముర్రేడు వాగు అంచు, పొలాల గట్లు, పాల్వంచ, అక్కడి నుంచి కిన్నెరసాని, బూర్గంపాడు, గోదావరి. ఈ వరసలో పోతే దారి పొడవునా ఒక్క పర్యాటక బోర్డూ కనపడదు గానీ చదవడానికి చాలా ఉంటుంది. మార్చి నెల అయితే మంచిది. తాడు పారుతూ ఉంటుంది, ఇప్ప రాలుతూ ఉంటుంది.

ముర్రేడు ఒడ్డున కాళ్ల కింద ఇసుక. కుంగిన పట్టీలో నిండిన ఇసుకరాయే అరిగి అరిగి ఇలా అయింది. పక్క పొలాలు ఎక్కువగా ఇసుక పాలు ఉన్న చల్క నేలలు. వాన పడితే తాగేస్తాయి, పది రోజులు ఎండ కాస్తే గొంతు తడారిపోతుంది. అలాంటి నేలలో రైతు ఇప్పుడు పత్తి పెడుతున్నాడు, లేదా సారపాక కాగితం మిల్లును చూసుకుని జామాయిల్ పెడుతున్నాడు. అశ్వారావుపేట, దమ్మపేట వైపు పోతే ద్రాక్షతోటలను తలదన్నే వరసల్లో ఆయిల్‌పామ్ కనిపిస్తుంది. తాటిచెట్టును మాత్రం ఎవరూ సాళ్లు కొట్టి నాటరు. గట్ల మీదా వాగుల అంచునా తనంతట తాను మొలుస్తుంది. పొలం మారినా, పంట మారినా, గట్టు మీద చెట్టు అలాగే నిలబడి ఉంటుంది.

తాడు తొలిసారి పూతకు రావాలంటే 12 నుంచి 20 ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా అది పోతుతాడో పండుతాడో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆడ, మగ పూలు వేర్వేరు చెట్లకు పూస్తాయి. రెండింటి గెలనూ గీస్తారు. గౌడన్న చెట్టెక్కడం చూడాలంటే పొద్దున్నే పోవాలి. నడుముకు ముస్తాదు, చెట్టు చుట్టూ మోకు, వెనక కత్తుల పొది. పైకెళ్లాక మట్టల మధ్య కుదురుకుని, పోతుగెల వేళ్లను ఒక్కటిగా కట్టిన కట్టను చేతిలోకి తీసుకుంటాడు. ముందు నెమ్మదిగా నలుపుతాడు. తర్వాత కొసను చెక్కుతాడు. ఆ చెక్కు పడి గాలికి తేలిపోయేంత పల్చన. కోతపెట్టిన చోట ఒక్క క్షణం ఏమీ ఉండదు. తర్వాత అద్దంలా ఒక చుక్క ఊరి, కొసకు జారి, కింద కట్టిన లొట్టిలో పడుతుంది.

"కోసుడు కాదు బిడ్డా, చెక్కుడు. మందంగ కోస్తె గెల నాల్గొద్దుల్ల అయిపోతది. రెండొద్దులు ఎక్కకపోతె ఎండిపోతది" అన్నాడు పాల్వంచ దగ్గర ఒక పెద్ద గౌడ్. కత్తి పదును చూసుకుంటూ అన్నాడు గానీ, ఆ మాటలో మొక్కల శరీర శాస్త్రం ఒక అధ్యాయం ఉంది.

ఆకుల్లో తయారైన చక్కెర చెట్టంతా తిరిగేది సన్నని గొట్టాల్లో. ఆ గొట్టాల్లో చక్కెర ఎక్కువ కాబట్టి నీరు లోపలికి చొరబడి ఒత్తిడి పెరుగుతుంది. ఎక్కడ గాయమైతే అక్కడి నుంచి రసం బయటికి తంతుంది. చెట్టు ఊరుకోదు. గొట్టాల్లోని జల్లెడ రంధ్రాలను కాలోజ్ అనే జిగురు పదార్థంతో వెంటనే మూసేసుకుంటుంది. గౌడన్న మళ్లీ వచ్చి మూత పడిన ఆ పల్చని పొరనే చెక్కేస్తాడు. చెట్టు మూయడం, ఆయన తెరవడం. ఇలా నెలల తరబడి సాగుతుంది. మందంగా కోస్తే గెల వృథా, మానేస్తే మూత గట్టిపడి దారి మూసుకుపోతుంది. అదీ రెండొద్దుల లెక్క.

ఇంకో విశేషం ఉంది. మామిడి, వేప లాంటి చెట్లు ఏటేటా కొత్త గొట్టాలు కట్టుకుని పాతవి వదిలేస్తాయి. తాడు అలా చేయలేదు. దానికి కాండం లావెక్కే ఏర్పాటే లేదు. చిన్నప్పుడు ఏర్పడిన గొట్టాలే చెట్టు బతికినంత కాలం పనిచేయాలి. తాత గీసిన చెట్టును మనవడు గీస్తున్నాడంటే, కాండంలో రసం పారే కణాలు తాత నాటివే. ప్రాణికోటిలో ఇంత కాలం బతికి పనిచేసే కణాలు అరుదు. కాండంలోనే గీసే ఈతది వేరే పద్ధతి, ఏజెన్సీ లోపల జీలుగుది మరో కథ. వాటి జోలికి ఇప్పుడు పోను.

లొట్టిలో పడే వేళకు రసం తేటగా, తియ్యగా ఉంటుంది. అందులో చక్కెర 10 నుంచి 14 శాతం. పులుపు లేదు, ఘాటు లేదు. మరి పులియబెట్టేది ఎవరు? ఎక్కడి నుంచి వస్తారు? ఈ ప్రశ్న మీద ఫ్రాన్సులో పెద్ద రభసే జరిగింది. 1878లో క్లోద్ బెర్నార్ అనే మహాశాస్త్రవేత్త చనిపోయాక ఆయన నోట్సు అచ్చయింది. బయటి నుంచి ఏ జీవీ రానక్కర్లేదు, ద్రాక్షరసం తనంతట తానే మద్యంగా మారగలదని అందులో ఉంది. లూయీ పాశ్చర్‌కు ఒళ్లు మండింది. ఆయన పెరిగిన ఊరు బర్గండీకి తూర్పున, క్విజాన్స్ ఏటి ఒడ్డున ఉన్న ఆర్బ్వా. అక్కడ ఆయనకు చిన్న ద్రాక్షతోట ఉండేది. కాయ పచ్చిగా ఉన్నప్పుడే కొన్ని తీగల మీద గాజు గదులు కట్టించాడు, గుత్తులకు దూది చుట్టించాడు. అక్టోబరులో ఆ గుత్తులు పిండితే రసం పులియలేదు. బయట ఎండలో గాలిలో పండిన ద్రాక్షరసం ఎప్పటిలాగే నురగెత్తింది. ఈస్ట్ కాయలో పుట్టదనీ, పండే వేళకు బయటి నుంచి వచ్చి తొక్క మీద వాలుతుందనీ తేలిపోయింది. ఎలా వస్తుందన్నది తేలడానికి ఇంకా చాలా కాలం పట్టింది. కందిరీగల కడుపులో ఈస్ట్ చలికాలమంతా దాగి ఉండి, తర్వాతి ఏడాది మళ్లీ పండ్లకు చేరుతుందని ఇటలీ పరిశోధకులు 2012లో చూపించారు.

తాటిచెట్టు మీద అంత నిరీక్షణ అక్కర్లేదు. నిన్నటి కల్లు తాలూకు తడి లొట్టి గోడల్లో ఉంటుంది. మట్టి లొట్టి సూక్ష్మరంధ్రాల్లో కోట్ల కొద్దీ జీవులు కాపురం ఉంటాయి. కత్తి మీద ఉంటాయి, తీపికి మూగే ఈగలూ తేనెటీగలూ కందిరీగలూ మోసుకొస్తాయి. మొదట లాక్టిక్ ఆమ్లం చేసే బ్యాక్టీరియా పని మొదలెడుతుంది. వాటిలో కొన్ని చక్కెరను జిగటగా మారుస్తాయి. కల్లు కాస్త చిక్కగా అనిపించేది అందుకే. వెనకే ఈస్ట్ వస్తుంది. చక్కెరను విరిచి సగం బరువు ఆల్కహాలుగా, దాదాపు సగం కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. దానికి తోడుగా జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా కూడా ఇదే పని ఇంకా వేగంగా చేస్తుంది. దీన్ని 1920లలో మెక్సికో వాళ్లు కలబందను పోలిన మొక్క రసంతో చేసుకునే పులిసిన పానీయంలో కనుగొన్నారు. తర్వాత ఆఫ్రికా తాటికల్లులోనూ అదే దొరికింది. చెట్టు మీద నుంచి దించేసరికే లొట్టి నురగతో పొంగుతుంటుంది. కల్లుకు ఆ పాల రంగు చెట్టు ఇచ్చింది కాదు. తేట రసంలో తేలే ఈస్ట్, బ్యాక్టీరియా కణాల గుంపే ఆ తెలుపు.

ఒక పూట గడిచేసరికి ఆల్కహాలు 4 నుంచి 6 శాతానికి చేరుతుంది. అక్కడితో ఆగితే బాగుండేది. గాలి తగలగానే ఇంకో రకం బ్యాక్టీరియా దిగి, ఆల్కహాలును వెనిగర్ చేయడం మొదలెడుతుంది. ఎండాకాలం అయితే మరీ తొందర. వైన్‌కు ఈ గండం తప్పడానికి మూడు కారణాలు. ద్రాక్షలో చక్కెర 20 శాతం పైన ఉంటుంది కాబట్టి ఆల్కహాలు 12, 13 శాతం దాకా పోయి మిగతా జీవుల్లో చాలావాటిని అణచేస్తుంది. ద్రాక్షలో పులుపు సహజంగానే ఎక్కువ. పైగా బిరడా బిగించి గాలిని అడ్డుకుంటారు. అందుకే వైన్ సీసా మీద ఏడాది రాస్తారు. కల్లుకు ఏడాది లెక్క లేదు, పూట లెక్కే. "పొద్దటిదా, మాపటిదా?" అని అడగని వాడు కల్లు తాగడం తెలియనివాడి కింద లెక్క.

ఈ గడియారాన్ని ఆపే ఉపాయం ఒకటి ముందు నుంచీ ఉంది. లొట్టి లోపల సున్నం పూస్తే రసం క్షారంగా మారి, పులియబెట్టే జీవులు పని మానేస్తాయి. అది నీరా. దాన్ని కాస్తే తాటిబెల్లం. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023 మేలో తెరిచిన నీరా కేఫ్ ఈ సూత్రానికి చల్లదనం జోడించి నడిచేదే. ఇంకో ఉపాయం కూడా ఉంది, అది నేరం. చెట్లు లేని పట్నాల్లో ఏడాది పొడవునా దుకాణాలు నడవాలంటే నీళ్లలో శాకరిన్, నురగ కోసం ఏదో పొడి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, అల్ప్రాజోలం కలుపుతారు. మెదడు వాటికి అలవాటు పడిపోతుంది. ఒక్కసారిగా మానితే చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, పిచ్చిచూపులు పడతాయి. కల్లు మానేస్తే మనిషి ఆస్పత్రి పాలయ్యాడంటే అతను ఇన్నాళ్లూ తాగింది బహుశా ఉత్త కల్లు కాదన్నమాట. చెట్టు కింద తాగేవాడికి ఆ మందుల బాధ లేదు. చెట్టెక్కేవాడి బాధ వేరే. మోకు జారి పడి నడుములు విరిగిన గీత కార్మికుల లెక్క చాంతాడంత. 2024 జూలైలో ప్రభుత్వం కాటమయ్య పేరుతో రక్షణ కిట్లు పంచడం మొదలెట్టింది. ఆలస్యమే అయినా, కావలసిన పని.

మరి నేల రుచి సంగతి? బర్గండీలో గట్టు ఈ పక్కది ఒక ధర, ఆ పక్కది ఇంకో ధర. అక్కడి తోటల ముక్కలను 1,247గా లెక్కగట్టి, 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. తాగేవాళ్లు వైన్‌లో చెకుముకి రాయి, సున్నపురాయి తగులుతున్నాయంటారు. రాయి రుచి వేళ్ల ద్వారా పండులోకి ఎక్కదని శాస్త్రం చెబుతుంది. నేల చేసే పని నీటిని తూచి ఇవ్వడం. బోర్డో పరిశోధకుడు జెరార్ సెగ్వాన్ దశాబ్దాల పాటు గోతులు తవ్వి చూసి తేల్చింది ఇదే. గొప్ప తోటల నేలల్లో ఖనిజాలు ఒకేలా లేవు. ఒకేలా ఉన్నదల్లా వేసవిలో తీగకు కాస్త దాహం మిగల్చడం. దాహమైతే కాయ చిన్నదవుతుంది, తొక్క పాలు పెరుగుతుంది, రంగూ వాసనా చిక్కబడతాయి.

ముర్రేడు ఒడ్డు చెట్టు కల్లు వేరు, ఎత్తు గట్టు మీద చెట్టు కల్లు వేరు అని ఇక్కడా పందేలు కాసేవాళ్లున్నారు. చెట్టు పేరు చెప్పి తాగేవాళ్లూ ఉన్నారు. నా మటుకు నాకు ఆ తేడాలో సగం చెట్టుకు అందిన నీటిది, సగం లొట్టిలో కాపురమున్న జీవులది. ఎవరైనా ఊరూరి లొట్టిలోని ఈస్ట్‌ను వేరు చేసి చూస్తే మంచి థీసిస్ అవుతుంది.

పాల్వంచలో చాలాకాలం దారి చూపిన గుర్తు థర్మల్ విద్యుత్ కేంద్రం పాత గోపురాలు. 2024లో వాటిని కూల్చేశారు. ఆ కేంద్రానికి నీళ్ల కోసమే కిన్నెరసానికి ఆనకట్ట కట్టారు. జలాశయంలో మొసళ్లున్నాయి. చుట్టూ 600 చదరపు కిలోమీటర్లకు పైగా అభయారణ్యం, 1977 నుంచి. అత్త పెట్టిన కష్టాలకు నీరైపోయిన కోడలిగా విశ్వనాథ సత్యనారాయణ పాడుకున్న ఏరు ఇదే. అనుమతి లేకుండా అడవిలోకి వెళ్లకూడదు. వెళ్లనక్కర్లేదు కూడా, ఇప్పచెట్లు ఊళ్ల పక్కనే ఉంటాయి.

మార్చిలో ఇప్ప ఆకులన్నీ రాల్చేసి, కొమ్మల కొసన గుత్తులు వేస్తుంది. పువ్వు విచ్చేది రాత్రి. గబ్బిలాల వేళ అది. పూరేకులు విడివిడిగా ఉండవు. కలిసి ఒక చిన్న కుండలా, కండపట్టి, మీగడ రంగులో ఉంటాయి. దాని మూతి నుంచి కీలం పొడుగ్గా బయటికి వచ్చి ఉంటుంది. గబ్బిలం ఆ తీపి కుండను కొరికి తీసుకుపోయేటప్పుడు పుప్పొడి ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు చేరుతుంది. మిగతావి తెల్లవారుజామున టపటపా రాలతాయి. చేతిలోకి తీసుకుంటే చల్లగా, బరువుగా, కొంచెం జిగటగా. నోట్లో వేసుకుంటే ముందు తీపి, ఆ వెంటే వగరు, ముక్కుకు అడవి వాసన. రాలేది రేకుల కుండ మాత్రమే, అండాశయం కొమ్మ మీదే ఉండిపోతుంది. అందుకే కోయ ఆడవాళ్లు బుట్టల కొద్దీ పువ్వు ఏరుకున్నా కాయకు లోటు రాదు. మే, జూన్ నాటికి అదే చెట్టు కింద గింజలు ఏరి నూనె తీస్తారు. ఇప్ప మన సపోటాకు దాయాది. కొమ్మ విరిస్తే కారే పాలు చూస్తే పోలిక తెలుస్తుంది.

ఎండబెట్టిన ఇప్పపువ్వు బరువులో సగానికి పైగా చక్కెరే. తాటిరసానికి లేని సౌకర్యం ఇదే. నీరు పోయి చక్కెర చిక్కబడ్డ చోట సూక్ష్మజీవి బతకలేదు, దాని ఒంట్లో నీటినే చక్కెర పీల్చేస్తుంది. అందుకే పువ్వును గాదెలో పోసుకుని ఏడాదంతా వాడుకోవచ్చు. కరువు రోజుల్లో కోయ, గోండు ఇళ్లకు అన్నం ఇదే. ఉడికించి, దంచి, జొన్నతో కలిపి తినేవారు. ఇప్పుడు మహిళా సంఘాలు లడ్డూలు చేసి అమ్ముతున్నాయి. నీళ్లలో కొన్ని రోజులు నానబెడితే మళ్లీ ఈస్ట్‌కు ప్రాణం వస్తుంది. ఆ పులిసిన నీటిని కుండలో కాస్తే, నీటికన్నా ముందు 78 డిగ్రీల దగ్గర మరిగే ఆల్కహాలు ఆవిరై, పైన చల్లనీళ్లు తగిలి మళ్లీ బొట్టు బొట్టుగా దిగుతుంది. మొదట దిగే సారాలో వేరే ఘాటు ద్రవాలుంటాయి, అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఆ తొలి పాలును పక్కన పారబోస్తారు. 1892లో బొంబాయి ప్రభుత్వం ఇప్పపువ్వు దాచుకోవడం మీదే ఆంక్షలు పెడుతూ చట్టం చేసింది. సారా దుకాణాల ఆదాయం పోతుందని. ఒక చెట్టు పువ్వును చూసి సర్కారు భయపడిన సందర్భాలు చరిత్రలో ఎన్నో ఉండవు.

ఒక్క మాట చెప్పక తప్పదు. పువ్వు తేలిగ్గా ఏరుకోవడానికి చెట్టు కింద ఎండుటాకులకు నిప్పు పెట్టే అలవాటుంది. అది అడవికి అంటుకుంటుంది, ఇప్ప మొలకల్ని కూడా కాల్చేస్తుంది. చెట్టు కింద వల కట్టడం దానికన్నా చాలా మేలు. తెల్లవారుజామున ఇప్పకింద తిరిగేవాళ్లకు ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ఆ పువ్వంటే ఎలుగుబంటికి మనకన్నా ఇష్టం.

బూర్గంపాడు దగ్గర కిన్నెరసాని గోదావరిలో కలుస్తుంది. ఎదురుగా కనిపించే నీటిని చూసి ఈ నది శాంతమూర్తి అనుకోకూడదు. భద్రాచలం దగ్గర 53 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులు తాకింది. 2022 జూలైలో 71 దాటింది. వరద తీశాక ఒడ్డున పొలాల మీద అరచేతి మందాన ఒండ్రు మిగులుతుంది. దాన్ని పెచ్చుగా లేపి చూస్తే అడుగున ఆకులు అచ్చుగుద్దినట్టు పరుచుకుని ఉంటాయి. బొగ్గు పుట్టుకలో మొదటి మెట్టు ఇదే. కానీ ఇక్కడ రెండో మెట్టు ఎక్కదు. వారం తిరిగేసరికి నీరు తీస్తుంది, ఒండ్రు నెర్రెలిస్తుంది, గాలి దూరుతుంది. బూజులూ చెదలూ వచ్చి ఆకును ఆనవాలు లేకుండా చేసేస్తాయి.

28 కోట్ల ఏళ్ల క్రితం ఇదే పట్టీలో నీరు తీయలేదు. అప్పటి మన నేల దక్షిణాన అంటార్కిటికాను ఆనుకుని ఉండేది. మంచుపలకలు కరిగి వెనక్కి పోయాక ఆ చల్లని చిత్తడిలో గ్లాసాప్టెరిస్ చెట్ల అడవులు పెరిగాయి. అవి ఏటా ఆకు రాల్చే చెట్లు. ఆకులూ కొమ్మలూ నిలవ నీటిలో పడేవి. నీటిలో ఆక్సిజన్ అయిపోయాక కుళ్లబెట్టే జీవులు సగం పనిలోనే ఆగిపోయేవి. మిగిలిన సగమే బొగ్గు. ఆ కాలంలో కలపను కుళ్లబెట్టే బూజులు ఇంకా పుట్టలేదు కాబట్టే అంత బొగ్గు మిగిలిందని ఒక వాదం చాలాకాలం నడిచింది. 2016లో అమెరికా శాస్త్రవేత్తలు ఆ వాదాన్ని పరీక్షించి, అది నిలవదన్నారు. కావలసింది తడి వాతావరణం, దాంతో పాటు ఆగకుండా కుంగే నేల. పేరుకుంటున్న చెత్త ఎంత పెరిగితే నేల అంత దిగాలి. లేకపోతే చెత్త నీటిపైకి తేలి గాలికి కుళ్లిపోతుంది. గోదావరి చీలిక లక్షల ఏళ్ల పాటు సరిగ్గా ఆ పనే చేసింది. పది అడుగుల చెత్త నలిగి సుమారు ఒక అడుగు బొగ్గయింది. మధ్యమధ్య వరదలు వచ్చి బురద కలిపిపోయాయి. సింగరేణి బొగ్గులో బూడిద ఎక్కువని కొనేవాళ్లు గొణుగుతుంటారు. పొయ్యిలో మిగిలే ఆ బూడిదలో ఎక్కువ భాగం ఆనాటి వరద ఒండ్రే.

లొట్టిలో జరిగేదీ గనిలో జరిగిందీ ఒక విధంగా ఒకటే వ్యవహారం. ఎండ నుంచి చెట్టు కూడబెట్టిన సొత్తు, గాలి సరిగా అందని చోట సూక్ష్మజీవుల చేతికి చిక్కడం. గాలి అందితే జీవులు దాన్ని నీరుగా, వాయువుగా పూర్తిగా ఖర్చు పెట్టేస్తాయి. అందకపోతే కొంత మిగులుతుంది. లొట్టిలో మిగిలింది మత్తు, గనిలో మిగిలింది మంట. వాయువులు కూడా రెండుచోట్లా పుడతాయి. బొగ్గు పొరల్లో మీథేన్ చిక్కుకుని ఉంటుంది, గనిలోకి గాలి తోడే పెద్ద ఫ్యాన్లు దానికోసం కూడా. కల్లులో పుట్టేది కార్బన్ డయాక్సైడ్. అది అంటుకోదు గానీ అల్లరి తక్కువ చేయదు. లీటరు రసంలో 100 గ్రాముల చక్కెర ఉంటే, అదంతా పులిసేసరికి పాతిక లీటర్లకు పైగా వాయువు పుడుతుంది. ఫ్రాన్సులోని షాంపేన్ నేలమాళిగల్లో పని చేసేవాళ్లు 19వ శతాబ్దంలో సీసాలు పేలుతాయని ముఖానికి ఇనుప ముసుగులు వేసుకునేవారు.

బూర్గంపాడులో పొద్దటి కల్లు దొరికి, ఇంట్లో వాళ్లకూ కాస్త పట్టుకెళ్దామని వాటర్ బాటిల్‌లో పోయించుకున్నవాళ్లు ఈ లెక్క గుర్తు పెట్టుకోవడం మంచిది. నిండుగా పోయించకండి, మూడొంతులు చాలు. మూత బిగించకండి, ఒక చుట్టు వదులుగా ఉంచండి. కొత్తగూడెం బస్సులో బాటిల్‌ను సంచిలో పెట్టకుండా చేత్తో నిలబెట్టి పట్టుకోండి. కిటికీ పక్క సీటు దొరికితే ఇంకా మంచిది. పక్కన కూర్చున్నవాళ్లు తెల్ల బట్టలతో గుడికి పోయి వస్తున్నవాళ్లయితే, ఆ జాగ్రత్త మరీ అవసరం.